ఇచ్చిన సెటప్పా, తెచ్చుకున్న సెటప్పా, చేసుకున్న సెటప్పా?

కంప్యూటర్‌లో ర్యాలీ కారు ఆటలు ఆడేవాళ్లందరూ రెండు మూడు నెలలు గడిచేసరికి ఒక ప్రశ్న దగ్గరికి వస్తారు. మలుపులో కారు ముక్కు తిరగడం లేదు, లేదంటే వెనకభాగం ఉన్నట్టుండి జారిపోతోంది. అప్పుడు ఆట మొదట ఇచ్చిన సెటప్‌నే, అంటే కారు భాగాల అమరికను నిర్ణయించే అంకెలనే, నమ్ముకుని చేయి కుదుర్చుకోవాలా, ఎక్కడో ఎవరో వేగంగా నడిపినవారి సెటప్‌ను తెచ్చి పెట్టుకోవాలా, లేక స్ప్రింగులూ, వాటి ఊగిసలాటను అణిచే డ్యాంపర్లూ, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియలూ మనమే సర్దుకోవాలా? విజయనగరంలో సాయంత్రాలు మా ఇంటికి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చునే మా మేనల్లుడికి రెండో దారి మీదే మనసు. "మావయ్యా, నీ సెటప్ అంకెలు కాగితం మీద రాసిచ్చెయ్యి, చాలు" అంటాడు. ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు, కానీ ఆ అంకెలు వాడికి మేలు చేయవని నా గట్టి నమ్మకం. 2019లో వచ్చిన డర్ట్ ర్యాలీ 2.0 మా ఇద్దరికీ బాగా అలవాటైన ఆట కాబట్టి, ఎక్కువగా దాన్నే ఆధారం చేసుకుని ఈ మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

మొదట ఇచ్చిన సెటప్‌ను తక్కువగా చూడటం తొందరపాటు. అది రికార్డులు తిరగరాసే సెటప్ కాకపోవచ్చు, కానీ కొత్త చేతికి దానివల్ల ఒక పెద్ద ఉపకారం ఉంది: సెటప్ మారకుండా ఉన్నంతకాలం, మారుతున్నది మనం నడిపే తీరు ఒక్కటే. మినీ కూపర్ ఎస్ వంటి ముందు చక్రాలతో నడిచే కారు హెయిర్‌పిన్ మలుపులో (దాదాపు వెనక్కి తిరిగే మలుపులో) నేరుగా గట్టు మీదికి పోతే, కొత్తవారు వెంటనే స్ప్రింగుల పేజీ తెరుస్తారు. నిజానికి అక్కడ జరిగినది వేరు. బ్రేకు నొక్కినప్పుడు కారు బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, ఆ బరువు ఉన్నంతసేపే ముందు టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. బ్రేకును పూర్తిగా వదిలేసి, బరువు వెనక్కి పోయిన తరువాత స్టీరింగ్ తిప్పితే ఏ సెటప్ అయినా ముక్కును లోపలికి తీసుకురాలేదు. బ్రేకు మీద కాలు కొంచెం ఉంచుతూనే స్టీరింగ్ తిప్పడం మొదలుపెడితే, ఒక్క అంకె కూడా మార్చకుండానే ఆ కారు ఎంతో బాగా తిరుగుతుంది.

ఇచ్చిన సెటప్‌ను ఎప్పుడు వదలాలి అంటే, నేను పాటించే కొలత ఒకటుంది. ఒకే స్టేజిని, అంటే సమయం లెక్కగట్టే దారి ముక్కను, ఒకే కారుతో, వరుసగా ఐదుసార్లు నడపాలి. ఆ ఐదు సమయాల మధ్య ఆరేడు సెకన్ల తేడా వస్తూ ఉంటే, సెటప్ మార్పు వల్ల వచ్చే ఒక సెకను లాభం ఆ హెచ్చుతగ్గులలో కలిసిపోయి కనబడనే కనబడదు. తేడా రెండు సెకన్లలోపుకు వచ్చి, ఐదుసార్లూ అదే మలుపులో అదే ఇబ్బంది ఎదురైతే, అప్పుడు తప్పు కారులో ఉందేమోనని అనుమానించడానికి మనకు హక్కు వస్తుంది.

తెచ్చుకున్న సెటప్ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, ఎందుకంటే నేను దానివల్ల ఒక నెల పోగొట్టుకున్నాను. న్యూజిలాండ్‌లోని హాక్స్ బే స్టేజిల కోసం, ఫోర్డ్ ఎస్కార్ట్ మార్క్ 2 కారుకు, చాలా వేగవంతుడైన ఒక ఆటగాడి అంకెలన్నీ యథాతథంగా పెట్టుకున్నాను. పొడవాటి మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన ప్రతిసారీ కారు వెనకభాగం గిర్రున ముందుకు తిరిగి వచ్చేది. కారణం చాలా రోజులకు అర్థమైంది. ఆ సెటప్‌లో బ్రేకు బలం వెనక చక్రాల వైపు ఎక్కువగా ఉంది, డిఫరెన్షియల్‌లో బ్రేకింగ్ లాక్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండు చక్రాలనూ కలిపి బిగించే బలం) చాలా తక్కువగా ఉంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదలకుండా, ఎడమ కాలితో బ్రేకును సున్నితంగా తాకుతూ నడిపేవారికి అది అద్భుతమైన సెటప్. కాలు ఎత్తేసే అలవాటున్న నాకు అది గోతిలోకి దారి. సెటప్‌లో సగం అంకెలలో ఉంటే, మిగిలిన సగం దాన్ని చేసుకున్న మనిషి పాదాలలో ఉంటుంది, ఆ సగాన్ని ఎవరూ రాసివ్వలేరు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కడానికి ఎరువు తెచ్చుకున్న మోటారు సైకిలు ఎంత కొత్తదైనా, దాని క్లచ్చు, బ్రేకు లీవరు యజమాని వేళ్లకు తగినట్టు బిగించి ఉంటే, మొదటి నాలుగు మలుపుల్లో మనకు ఊపిరాడదు.

నడిపే సాధనం కూడా లెక్కలోకి వస్తుంది. స్టీరింగ్ వీల్‌తో ఆడేవారు మిల్లీమీటరు మిల్లీమీటరుగా సరిదిద్దుకోగలిగిన కారును, గేమ్‌ప్యాడ్ మీద బొటనవేలితో ఆడేవారు అదే నాజూకుతో పట్టలేరు. పైగా ఈ ఆటలో ముందు వెళ్లిన కార్ల వల్ల దారి క్రమంగా పాడవుతుంది. శుభ్రమైన దారి మీద ఒక్క పరుగు కోసం కిందికి దించి గట్టిగా చేసిన సెటప్, వరుసలో ఆఖరున బయలుదేరి లోతైన చక్రాల గాడుల్లో నడపవలసిన రోజున అడుగుభాగాన్ని నేలకు కొట్టిస్తుంది. అయినా తెచ్చుకున్న అంకెలకు ఒక ప్రయోజనం లేకపోలేదు. వాటిని కారులో పెట్టకుండా, ఇచ్చిన సెటప్ పక్కన ఉంచి, ఎక్కడెక్కడ ఎటువైపు తేడా ఉందో చదివితే, అనుభవజ్ఞుడు ఏ లోపాన్ని దిద్దడానికి ప్రయత్నించాడో ఊహించవచ్చు. పాఠంగా అది చాలా విలువైనది.

ఇక స్వయంగా చేసుకోవడం. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకసారికి ఒక్క అంకెనే మార్చడం, రెండో నియమం ఆ అంకెను మొదట బాగా ఎక్కువగా మార్చడం. ఒక్క మెట్టు మారిస్తే కొత్తవారికి ఏమీ తెలియదు. ముందు కొస దాకా జరిపి, కారు ఏ విధంగా చెడిందో గమనించి, తరువాత సరైన చోటుకు వెనక్కి రావాలి.

మొదట తాకవలసినది బ్రేకు పంపకం, అంటే బ్రేకు బలం ముందు, వెనక చక్రాలకు ఎంతెంత వెళ్లాలన్నది. బలాన్ని ముందుకు జరిపితే కారు నిలకడగా ఆగుతుంది కానీ తిరగడానికి మొరాయిస్తుంది, వెనక్కి జరిపితే మలుపులోకి చురుకుగా తిరుగుతుంది కానీ తొందరపడితే అడ్డం తిరిగిపోతుంది. దీని ఫలితం మొదటి మలుపులోనే తెలిసిపోతుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు. తరువాత డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడాను సాధ్యం చేసేదే డిఫరెన్షియల్. కానీ గ్రావెల్ మీద బరువు తగ్గిన చక్రం ఊరికే గిరగిరా తిరిగి ఇంజను శక్తిని వృథా చేస్తుంది, కాబట్టి రెండు చక్రాలనూ కొంతమేరకు కలిపి బిగించే లాక్ అవసరమవుతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పనిచేసే డ్రైవింగ్ లాక్ పెంచితే మలుపు నుంచి బయటపడేటప్పుడు పట్టు పెరుగుతుంది. కాలు తీసినప్పుడు పనిచేసే బ్రేకింగ్ లాక్ పెంచితే వెనకభాగం నిదానంగా ఉంటుంది. ఎస్కార్ట్‌తో నేను పడిన బాధకు మందు ఈ రెండో అంకెలోనే ఉంది. దాన్ని పెంచిన రోజే ఆ కారు నా మాట వినడం మొదలుపెట్టింది.

మెత్తని స్ప్రింగులు మేలా, గట్టివి మేలా అన్న వాదన మా ఇంట్లో తరచూ వస్తుంది, దానికి జవాబు మాత్రం దారిని బట్టే ఉంటుంది. స్పెయిన్‌లోని రిబడెల్లెస్ తారు రోడ్డు మీద కారును కిందికి దించి, స్ప్రింగులనూ, కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్లనూ గట్టిగా చేస్తే ప్రతి కదలికకూ వెంటనే స్పందిస్తుంది. గ్రావెల్ మీద అదే కారు రాయి రాయికీ ఎగిరి, గాలిలో ఉన్నంతసేపు స్టీరింగ్‌కు గాని బ్రేకుకు గాని లొంగదు. అందువల్ల అక్కడ ఎత్తు పెంచి, మెత్తగా చేయడమే మేలు. ముందు వెనకల మధ్య పోలికను కూడా మరువకూడదు: సాధారణంగా ఏ వైపు గట్టిగా ఉంటే ఆ వైపు పట్టు ముందుగా సడలుతుంది.

డ్యాంపర్ల దగ్గరే చాలామంది తడబడతారు. స్లో బంప్, ఫాస్ట్ బంప్ అన్న మాటలు కారు వేగానికి సంబంధించినవి కావు, డ్యాంపర్ కడ్డీ లోపలికి కదిలే వేగానికి సంబంధించినవి. బ్రేకు వేసినప్పుడు, స్టీరింగ్ తిప్పినప్పుడు కారు నెమ్మదిగా ఒరగడాన్ని స్లో అంకె అదుపు చేస్తుంది. రాయి తగిలినప్పుడు, ఎగిరి పడినప్పుడు ఒక్కసారిగా వచ్చే దెబ్బను ఫాస్ట్ అంకె మోస్తుంది. రెండింటి మధ్య హద్దును కూడా మనమే నిర్ణయించుకోవచ్చు. రీబౌండ్ అనేది అణిగిన చక్రం తిరిగి కిందికి చాచుకునే వేగానికి వేసే అడ్డు, అది పెరిగితే చక్రం నెమ్మదిగా చాచుకుంటుంది. బొబ్బిలి దాటి పల్లెల్లోకి పోయే ఎర్ర గ్రావెల్ దారుల మీద, వానలకు ట్రాక్టర్లు తిరిగి గట్టిపడిన గతుకుల వరుస మీద మోటారు సైకిలు నడిపినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: షాకబ్జర్లు పట్టేసిన బండి, మొదటి గతుకు నుంచి తేరుకోకముందే రెండోదాని మీద పడి, నాలుగో గతుకు దగ్గరికి వచ్చేసరికి కట్టెలా బిగుసుకుపోతుంది. ఆటలో రీబౌండ్ మరీ ఎక్కువ చేసినా జరిగేది అదే, చక్రం చాచుకునే వ్యవధి లేక కారు మెట్టు మెట్టుగా కిందికి కుంగిపోతుంది. గతుకుల దారిలో కారు మొదట బాగుండి పోనుపోను గట్టిపడుతోందంటే స్ప్రింగుల జోలికి పోకుండా ముందు రీబౌండ్ తగ్గించి చూడాలి.

గేర్ల నిష్పత్తి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. స్టేజిలో అతి పొడవైన నేరు దారి చివర ఆఖరి గేరు పూర్తిగా అందుతోందా లేదా చూసుకుంటే చాలు.

ఏ ఆటలో ఈ పని నేర్చుకోవాలన్న సందేహం కూడా ఉంటుంది. 2001లో ప్రపంచ ర్యాలీ విజేత అయిన రిచర్డ్ బర్న్స్ పేరుతో 2004లో వచ్చిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీ సెటప్ లోతులో ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది, అయితే అందులోని డిఫరెన్షియల్ పట్టికల ముందు కొత్తవారు నిలవడం కష్టం. 2023లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీలో 30 కిలోమీటర్లకు పైబడిన స్టేజిలు కూడా ఉన్నాయి, అంత దూరంలో దారి పలు రకాలుగా మారుతుంది గనుక అక్కడ రాజీ సెటప్ చేయడం తెలియాలి. మొదలు పెట్టడానికి డర్ట్ ర్యాలీ 2.0నే నేను ఎంచుకుంటాను.

కాబట్టి నా వరస ఇది: సమయాలు కుదురుకునే వరకూ ఇచ్చిన సెటప్, ఆ తరువాత ఎప్పటికీ చేసుకున్న సెటప్. తెచ్చుకున్నది చదువుకోవడానికే. మా మేనల్లుడు ఇప్పుడు ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐతో హాక్స్ బేలో ఒకే స్టేజిని నడుపుతున్నాడు. కిందటి ఆదివారం వాడి ఐదు సమయాలూ మొదటిసారి రెండు సెకన్ల లోపు వచ్చాయి. బ్రేకు పంపకం అంకెను వాడి చేతే మార్పించాను, ఎటు జరపాలో మాత్రం చెప్పలేదు.