తెల్లవారుజామున లలిత్ వినాలా, భైరవ్ వినాలా?

నాలుగున్నరకే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టని రోజుల్లో ఫోన్‌లో రెండే హిందుస్తానీ రాగాల పేర్లు వెతుకుతాను: లలిత్, భైరవ్. ఈమధ్య వాటి నడుమ అహిర్ భైరవ్ కూడా దూరింది.

సంప్రదాయం ప్రకారం లలిత్‌ది ఇంకా చీకటి ఉండే చివరి జాము, భైరవ్‌ది పొద్దు పొడిచే వేళ. గడియారం చూసి ఎంచుకునేవాళ్ళకి గొడవే లేదు. కానీ మనలో చాలామంది వినేది ఏడింటికి, కాఫీ గ్లాసుతో.

భైరవ్ స్వరాలు మనకు కొత్తవి కావు. సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్లలంతా పాడిన కర్ణాటక రాగం మాయామాళవగౌళే. చిక్కూ అక్కడే. మొదట్లో నేను "ఓ, ఇదా" అనుకొని పావుగంటకే ఆపేసేదాన్ని. స్వరస్థానాలు ఒకటే అయినా భైరవ్ ప్రాణమంతా కోమల రిషభం, కోమల ధైవతం (తగ్గు స్థాయి రి, ద) మీది ఆందోళనలో, అంటే స్వరాన్ని ఊపడంలో ఉంది. గాయకుడు మధ్యమం (మ) నుంచి దిగి రిషభం దగ్గర కదలకుండా నిలబడడు. ఆగబోయే ఉయ్యాలలా దాన్ని మెల్లగా ఊపుతాడు. అది చెవికి పట్టేదాకా భైరవ్ మనకు పాత పాఠంలాగే వినిపిస్తుంది.

లలిత్‌తో ఆ బాధ లేదు, పోల్చుకోవడానికి ఏమీ దొరకదు కాబట్టి. పంచమమే (ప) లేదు. అందుకే తంబురా తీగను పంచమానికి బదులు మధ్యమానికి శ్రుతి చేస్తారు. గొంతు విప్పకముందే వాతావరణం మారిపోతుంది. పైగా 'మ'కున్న రెండు రూపాలూ, శుద్ధ మధ్యమం, తీవ్ర మధ్యమం, పక్కపక్కనే వస్తాయి. మన కర్ణాటక లలిత రాగంలోనూ పంచమం ఉండదు కానీ, మధ్యమం ఒక్కటే.

హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ (1912–1974) లలిత్ వినండి. ఆయనకిష్టమైన 14 మాత్రల (లెక్కల) ఝూమ్రా తాళం అతి విలంబితంలో (చాలా నెమ్మది నడకలో) ఒక చుట్టు తిరగడానికి నిమిషం దాకా పడుతుంది. ఓసారి సమం (చుట్టు మళ్ళీ మొదలయ్యే దెబ్బ) కోసం చూస్తూ కూర్చుంటే పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడిచి వచ్చాక కూడా ఆయన తొందరపడలేదు. అంత ఓపిక లేని రోజు మరో హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషి లలిత్ పెట్టుకోండి, ఆ గొంతు నిద్రమత్తును ఉంచదు.

అహిర్ భైరవ్ మన కర్ణాటక రాగం చక్రవాకానికి చుట్టం. హిందుస్తానీ ఎప్పుడూ విననివాళ్ళకి మొదట వినిపించాల్సింది ఇదే, ఇట్టే పట్టేస్తుంది.

నా ఓటు మాత్రం లలిత్‌కే. కాకపోతే ఎదురుగా కూర్చుని వినే అవకాశం తక్కువ. పుణెలో 1953లో భీమ్‌సేన్ జోషి తన గురువు పేరిట మొదలుపెట్టిన సవాయి గంధర్వ ఉత్సవం ఒకప్పుడు తెల్లవార్లూ సాగేది. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు వద్దన్న నిబంధనలతో ఆ మురిపెం పోయింది. భైరవ్‌కి ఉదయపు కచేరీలైనా ఉన్నాయి. లలిత్‌కి మిగిలింది ఇయర్‌ఫోన్లే. స్పీకర్‌లో పెడితే మా ఆయన దుప్పటిలోంచే అడుగుతారు, "పొద్దున్నే ఎవరే ఆ ఏడ్చేది?" అని.