పెర్ల్ రంగు కారుకు చేతి పాలిషా, మెషిన్ పాలిషా: ఏది మేలు?

పెర్ల్ రంగు కారు ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "కొత్తలో ఎండ పడితే బానెట్ ఒక వైపు నుంచి నీలంగా, ఇంకో వైపు నుంచి ఊదాగా కనిపించేది. ఇప్పుడు ఎటు చూసినా మామూలు నీలమే. చేత్తో పాలిష్ చేస్తే ఆ మెరుపు తిరిగి వస్తుందా? మెషిన్ తప్పదా?" ఈ మధ్య నా సొంత కారు విషయంలో కూడా ఇదే తేల్చుకోవలసి వచ్చింది. ముదురు నీలం పెర్ల్, ఏడేళ్ల వయసు. పాలిషింగ్ మెషిన్ నా దగ్గర ఉంది, వాడటం వచ్చు. అయినా దాన్ని పక్కన పెట్టి చేత్తోనే చేశాను.

కడగడం, క్లే బార్‌తో రుద్ది పేరుకున్న మురికి తీయడం, ప్లాస్టిక్ అంచులకు టేప్ వేయడం రెండు పద్ధతుల్లోనూ తప్పవు కాబట్టి వాటి జోలికి పోను. తేడా ఆ తర్వాతే మొదలవుతుంది.

ముందు ఒక మాట. పాలిష్ ఎవరు ఎలా చేసినా పెర్ల్‌ను తాకదు, తాకకూడదు కూడా. మెరుపునిచ్చేది అభ్రకపు రేకులు. వాటి మీద టైటానియం డయాక్సైడ్ పొర అతి పలుచగా పూసి ఉంటుంది. వెలుగులో కొంత ఆ పొర పైభాగం నుంచి, కొంత దాని అడుగు నుంచి తిరిగి వస్తుంది. ఆ రెండూ కలిసే చోట రంగు పుడుతుంది. సబ్బు బుడగ మీద రంగులు తిరిగేది కూడా ఈ కారణంగానే. చూసే కోణం మారితే రంగు మారుతుంది. ఈ రేకులన్నీ క్లియర్ కోట్ కింద, అంటే అన్నిటికంటే పైన ఉండే రంగులేని పారదర్శక పొర కింద, భద్రంగా ఉంటాయి. ఏళ్లు గడిచినా అవి సాధారణంగా చెడిపోవు. చెడిపోయేది వాటి మీది కిటికీ.

వెలుగు ఆ కిటికీ గుండా లోపలికి ఒకసారి వెళ్తుంది, బయటికి ఒకసారి వస్తుంది. పైన మసక ఉంటే రెండుసార్లూ చెదిరిపోతుంది. మెటాలిక్ రంగులోని అల్యూమినియం రేకులు చిన్న అద్దాల్లాంటివి. వెలుగు కాస్త చెదిరినా తళుకు ఎంతో కొంత మిగులుతుంది. పెర్ల్‌లో మాత్రం ఆ రంగుల తేడా చాలా సున్నితమైనది. పైన తెల్లటి మసక పరుచుకుంటే ముందుగా పోయేది అదే. అందుకే పెర్ల్ కారు గీతలు పడినట్టు కనిపించకముందే మామూలు రంగులా కనిపించడం మొదలవుతుంది. ముదురు రంగుల్లో ఇది త్వరగా బయటపడుతుంది. తెల్ల పెర్ల్ సుడి గీతలను (వెలుగులో గుండ్రంగా కనిపించే సన్నటి గీతలను) దాచుకుంటుంది కాని, మెరుపు తగ్గడాన్ని దాచలేదు.

మెషిన్ గొప్పతనం కాదనలేనిది. డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు చాలా మెషిన్లలో 15 లేదా 21 మిల్లీమీటర్లు ఉంటుంది. గట్టిగా నొక్కితే తిరగడం నెమ్మదిస్తుంది, ఇంకా నొక్కితే ఆగిపోతుంది. కాబట్టి కొత్తవాళ్లు కూడా ధైర్యంగా పట్టుకోవచ్చు. చేతికి సాధ్యం కానంత సమానంగా రుద్దుతుంది. చేత్తో గంటసేపు పట్టే బానెట్ దానితో పావుగంటలో పూర్తవుతుంది. కారంతా సుడి గీతలే ఉంటే చేత్తో పోరాడటం వృథా, మెషినే పట్టుకోండి. మెత్తటి స్పాంజి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో చివరి విడత చేస్తే వచ్చే నునుపు చేతికి సులభంగా రాదు. ఇది చేతి పాలిష్ ఇష్టపడే నేనే ఒప్పుకుంటున్న మాట.

మరి చేయి ఎందుకు? నా లెక్కలో అన్నిటికంటే బరువైన విషయం ఒకటుంది. పెర్ల్ కారు మీద పొరపాటు జరిగితే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. మామూలు రంగులో క్లియర్ కోట్ అరిగి రంగు బయటపడితే ఆ ఒక్క భాగానికి మళ్లీ రంగు వేయిస్తే సరిపోవచ్చు. మూడు పొరల పెర్ల్‌లో అడుగున ఒక రంగు, దాని మీద అభ్రకపు పొర, ఆపైన క్లియర్ కోట్ ఉంటాయి. నడిమి పొర ఎంత మందంగా పడింది, స్ప్రే గన్ ఎంత దూరంలో పట్టుకున్నారు, ఎన్ని విడతలు కొట్టారు అన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. రంగు కోడ్ సరిగ్గా ఉన్నా ఎదురుగా చూస్తే కలిసిపోయి, పక్క నుంచి చూస్తే విడిపోతుంది. అందుకే పనితనం తెలిసినవాళ్లు ముందు ఒక నమూనా పలక మీద కొట్టి చూసుకుంటారు. తర్వాత కూడా పక్క తలుపు మీదికి రంగును క్రమంగా పలుచన చేస్తూ కలుపుతారు. ఒక అంగుళం మేర జరిగిన పొరపాటుకు రెండు మూడు భాగాలకు రంగు వేయవలసి వస్తుంది.

దీనికి తోడు చేతిలో ఉన్న కొలత మోసం చేస్తుంది. రంగు మందం కొలిచే మామూలు పరికరం మొత్తం పొరల మందం చెబుతుంది, క్లియర్ కోట్ మందాన్ని విడిగా చెప్పదు. మూడు పొరల పెర్ల్‌లో అదనపు పొర వల్ల అంకె పెద్దదిగా కనిపిస్తుంది. అది చూసి తీయడానికి చాలా ఉందనుకుంటాం. నిజానికి క్లియర్ కోట్ సాధారణంగా 40, 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దరిదాపుల్లోనే ఉంటుంది. అందులో కూడా పైనుంచి ఎంత తీస్తే ఎండ నుంచి అంత రక్షణ తగ్గుతుంది. లోహం మీద కొలిచే మామూలు పరికరం ప్లాస్టిక్ బంపర్ల మీద అసలు పనిచేయదు. వేడి కూడా ప్లాస్టిక్ మీద త్వరగా పోదు. తలుపు అంచుల మీద, బానెట్ మడతల మీద పూత సహజంగానే పలుచగా ఉంటుంది. మెషిన్ ప్యాడ్ ఒత్తిడంతా సరిగ్గా ఆ మడత మీదే పడుతుంది. చేత్తో చేస్తుంటే మడత వేళ్లకు తెలుస్తుంది, చేయి తనంతట తానే తేలికవుతుంది. ఈ ఒక్క కారణంతోనే నా ఓటు చేతికి.

అయితే చేతి పాలిష్‌లో చాలామంది ఒకే చోట దెబ్బతింటారు: పాలిష్ ఎంపికలో. కొన్ని పాలిష్‌లలో రాపిడి రేణువులు రుద్దేకొద్దీ విరిగి సన్నబడాలి, అప్పుడే చివరికి నునుపు వస్తుంది. అలా విరగడానికి మెషిన్ వేగం కావాలి. చేత్తో రుద్దితే అవి సగం విరిగి అలాగే మిగులుతాయి, పాత మసక పోయి కొత్త మసక వస్తుంది. "చేత్తో చేశాను, ఇంకా అధ్వానమైంది" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. చేతికి కావలసింది మొదటినుంచీ సన్నగా, ఒకే పరిమాణంలో ఉండే రేణువుల పాలిష్. గరుకు రేణువులుండే కాంపౌండ్ డబ్బా తెరవకండి.

నేను చేసిన తీరు చెబుతాను. కారు నీడలో ఉండాలి, బాడీ చల్లగా ఉండాలి. గుడ్డను వేళ్లకు చుట్టుకుని రుద్దితే వేళ్ల కింద ఎక్కువగా, వాటి సందుల్లో తక్కువగా అరుగుతుంది. అందుకని కాస్త గట్టి స్పాంజి అప్లికేటర్ వాడాను. ఒకసారికి అడుగు చదరం, అంతకు మించి వద్దు. బఠాణీ గింజంత పాలిష్ నాలుగు చుక్కలు చాలు. ముందు మధ్యస్థమైన ఒత్తిడితో, చివరికి అప్లికేటర్ బరువు తప్ప చేతి బరువు పడనంత తేలికగా రుద్దాలి.

గుండ్రంగా రుద్దకండి, కారు పొడవునా తిన్నగా రుద్దండి. చేత్తో చేసినప్పుడు ఎంతో కొంత సన్నటి గీత మిగిలే అవకాశం ఉంటుంది. గుండ్రంగా రుద్దితే మిగిలిన గీతల్లో ఏదో ఒక ముక్క ఎటు నుంచి చూసినా వెలుగును పట్టుకుంటుంది. తిన్నటి గీతలు ఒక దిక్కు వెలుగుకే కనిపిస్తాయి. పెర్ల్ అందమంతా కోణం మారినప్పుడే కనిపిస్తుంది కాబట్టి దీనికి ఇంకా ప్రాధాన్యం ఉంది.

తుడిచాక వెంటనే మురిసిపోకూడదు. పాలిష్‌లోని నూనెలు గీతలను తాత్కాలికంగా నింపేసి మెరుపు చూపిస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిస్తే నిజం బయటపడుతుంది. తర్వాత టార్చిని నేరుగా కాకుండా పక్క నుంచి పట్టుకుని చూడాలి. నా బానెట్ మీద మొదటి అడుగు చదరం ఇలా తుడిచి చూసినప్పుడు ఊదా రంగు కనిపించింది. నాలుగేళ్లుగా ఆ కారు మీద నేను చూడని రంగు. పక్కనే పాలిష్ చేయని భాగం నీలంగానే ఉంది. మధ్యలో టేప్ అంచు గీసినట్టు గీత. కారంతా పూర్తి చేయడానికి రెండు సెలవు రోజులు పట్టింది. భుజం నొప్పి వారం ఉంది. ఆ అడుగు చదరం చూశాక మెషిన్ వైపు చూడాలనిపించలేదు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. రోటరీ మెషిన్ అనుభవజ్ఞుల పనిముట్టు. ఒకే ఇరుసు మీద తిరుగుతూ వేడి పుట్టిస్తుంది, చేయి తిరగనివాళ్లు వాడితే ఎండలో కదిలే మసక చారలు మిగులుతాయి. పెర్ల్ మీద నేర్చుకోవడానికి అది చోటు కాదు. గ్లేజ్ గీతలను నింపుతుందే కాని తీయదు, కొన్ని కడుగుళ్లకే పోతుంది. పెళ్లికో, అమ్మకానికో ఒక్క రోజు మెరవాలంటే సరే. కార్నౌబా మైనం, సింథటిక్ సీలెంట్, సిరామిక్ పూత అన్నీ పాలిష్ తర్వాత రక్షణకే. మసక మీద ఏది పూసినా మసకే నిగనిగలాడుతుంది. నేను సీలెంట్ వేశాను, మైనం కంటే ఎక్కువ కాలం ఉంటుందని.

డ్రైవర్ వైపు తలుపు మీద ఒక గీత అలాగే వదిలేశాను. గోరు పెట్టి లాగితే తగులుకుంటోంది, అంటే అంత లోతు పాలిష్‌కు అందేది కాదు. దాని చుట్టూ రంగు తిరిగొచ్చింది కాబట్టి ఆ గీత ఇప్పుడు ముందుకంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కనిపించనీ. దాన్ని తీయాలని మెషిన్ పెడితే గీతతో పాటు దాని కింది పెర్ల్ కూడా పోతుంది.