రూఫ్ లైనింగ్: పసుపు బంకకి ఒక్క వేసవి, స్ప్రే బంకకి మూడు

పదిహేడేళ్ల సెడాన్ ఇది. రూఫ్ లైనింగ్, అంటే పైకప్పు లోపలి అట్టకి అతికించే ఫోమ్ గుడ్డ, రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మొదటిది ఒక్క ఎండాకాలం కూడా ఆగలేదు, రెండోది మూడు వేసవులు దాటింది. రెండుసార్లూ గుడ్డ ఒకటే రకం, వెనక ఫోమ్ కూడా అదే 3 మిల్లీమీటర్ల మందం. తేడా అంతా బంకలోనే ఉంది, కాబట్టి ఇక్కడ రాసేది దాదాపుగా దాని గురించే.

మొదటిసారి పూసింది సన్‌మైకాకీ, చెప్పులకీ, సీట్ కవర్లకీ వాడే పసుపు బంక. అతికిన రోజు గోరు పెట్టి లాగినా కదల్లేదు. ఏప్రిల్ రెండో వారంలో లోపలి లైటు పక్కన ఉండే పల్లంలో రూపాయి బిళ్లంత బుడగ తేలింది. పది రోజులకి అది అరచేయంత అయింది. మే నెలాఖరుకి వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తలకి గుడ్డ తగిలేది. ఊడినచోట తిప్పి చూస్తే ఫోమ్ చెక్కుచెదరలేదు, బంక మాత్రం వేలికి అంటుకుని తీగలా సాగింది. అంటే ఎండిపోయి విడిపోలేదు, వేడికి మెత్తబడి వదిలేసింది. ముదురు రంగు కారుని విజయవాడ మే ఎండలో నిలబెడితే పైరేకు 70 డిగ్రీలు దాటుతుంది. లైనింగ్ అట్ట ఉండేది సరిగ్గా ఆ రేకు కిందే. పొద్దున్నే నీడలో చూస్తే ఆ బంకే మళ్లీ గట్టిగా ఉంటుంది. అందుకే చాలామంది లోపం గుడ్డలో ఉందనుకుంటారు.

పల్లంలోనే మొదలవడానికి కారణం ఉంది. ముడతలు రాకూడదని గుడ్డని లాగి పట్టి అతికిస్తారు. పల్లం మీద డప్పు తోలులా బిగిసిన గుడ్డ రోజంతా బంకని లాగుతూనే ఉంటుంది. బంక ఏమాత్రం మెత్తబడినా ముందు ఊడేది అక్కడే. అక్కడ గుడ్డని లాగకూడదు. వదులుగా వదిలి, వేళ్లతో పల్లం అడుగుదాకా నొక్కి, అక్కణ్ణించి అంచులకి సాగదీయాలి.

రెండోసారి వాడింది వేడి తట్టుకునే స్ప్రే బంక. ఎన్ని డిగ్రీల దాకా ఓర్చుకుంటుందో కొనేముందు చూసుకోవాలి. 70కి బాగా పైన లేకపోతే మన ఎండలకి వద్దు. సెడాన్‌కి 500 మిల్లీలీటర్ల డబ్బాలు రెండు పట్టాయి. గుడ్డ 60 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు తీసుకుంటే అంచులు మడవడానికి సరిపోతుంది. ఒకవైపు పూస్తే చాలదు. అట్టకీ ఫోమ్‌కీ రెండింటికీ కొట్టి, వేలితో తాకితే జిగురు తగిలీ తగలనట్టు ఉండి, వేలికి రాని స్థితి వచ్చేదాకా ఆగాలి. తొందరపడి తడి మీదే వేస్తే బంక ఫోమ్‌లోకి ఇంకి, గుడ్డ మీద నూనె మరకలా తేలుతుంది. ఆ మరక ఇక పోదు. గుడ్డని సగానికి మడిచి, ముందు సగం అతికించాక వెనక సగం వేయాలి. ఎప్పుడూ మధ్య నుంచి పక్కలకే అరచేత్తో సవరించాలి. ఒక రోజు ఆరనిచ్చి కారులో బిగించాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. విశాఖ లాంటి తీరప్రాంతంలో మరీ జాగ్రత్త. బంకలోని ద్రావకం ఆరేటప్పుడు అట్ట చల్లబడి, గాలిలో తేమ దాని మీద తెల్లటి పొరగా కూర్చుంటుంది. ఆ పొర మీద పట్టు సరిగా ఉండదు.

అట్ట విప్పకుండా కారులోనే సూదితో బంక ఎక్కించడం, స్క్రూ పిన్నులు గుచ్చడం వారం రోజుల ఊరట. కంపెనీ లైనింగ్ జారేది గుడ్డ వల్ల కాదు. వేడికీ తేమకీ వెనక ఫోమ్ పిండిలా రాలిపోతుంది. పిండికి ఏ బంక పూసినా అది పిండికే అంటుకుంటుంది. నైలాన్ బ్రష్‌తో ఆ పొడి మొత్తం గీకాలి. ఇనుప బ్రష్ అట్ట పైపొరని లేపేస్తుంది. మూతికి మాస్కు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. పక్క ఎయిర్‌బ్యాగులున్న కారైతే బ్యాటరీ తీగ తీసి, కాసేపు ఆగి, అప్పుడే పిల్లర్ల (పైకప్పుని మోసే పక్క స్తంభాల) కవర్లు విప్పాలి. అట్ట బయటికి తీసేటప్పుడు ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చండి. అట్ట వంగితే అక్కడ పడ్డ గీత కొత్త గుడ్డ కింద కూడా కనిపిస్తుంది.

మూడు వేసవులు దాటింది అన్నాను కానీ, మొత్తం అట్ట అంతా కాదు. ఈ ఏప్రిల్‌లో వెనక అద్దం పైన జానెడు మేర గుడ్డ లేచింది. విప్పి చూస్తే కారణం తెలిసింది. మొదటిసారి పూసిన పసుపు బంక అక్కడ పూర్తిగా గీకలేదు. కొత్త బంక పాతదాని మీద పట్టింది, పాతది ఎప్పటిలాగే మెత్తబడి రెండిటినీ కలిపి వదిలేసింది. లైటు దగ్గరి పల్లం మాత్రం ఇప్పటికీ వేలితో నొక్కితే అడుగుదాకా గట్టిగా ఉంది. అన్నిటికంటే సంతోషం దాని గురించే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కారు మధ్యాహ్నం రెండు దాటాక వేపచెట్టు నీడలోకి వస్తుంది. రోజంతా ఆఫీసు ముందు ఆరుబయట నిలిచే కారుకి ఇదే బంక ఎన్నాళ్లొస్తుందో నా కారుని చూసి లెక్కగట్టకండి. అట్ట కొత్తదై, పాత బంక మరక లేకపోతే మాత్రం ధైర్యంగా దీన్నే వాడతాను. లేచిన జానెడు గుడ్డని ప్రస్తుతానికి బీడింగ్ కింద దోపి ఉంచాను. దసరా తర్వాత గాలి పొడిబారాక ఆ ముక్క వరకూ విప్పి, అట్ట కనిపించేదాకా గీకి, మళ్లీ అతికించాలి.