పిల్లల చెడ్డీలకు పాత టీషర్టా, పాత చొక్కానా: ఏది మేలు?

పాత బట్టలతో పిల్లలకు చెడ్డీలు కుట్టాలనుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. నూలు టీషర్టు, నూలు చొక్కా రెండూ ఉతికి ఉతికి మెత్తబడ్డవే. ఇక కొత్తగా కుంచించుకుపోయేది, రంగు దిగేది పెద్దగా ఉండదు. అందుకే చాలామంది చేత్తో తడిమి, ఏది మెత్తగా ఉంటే అది తీసుకుంటారు. నన్నడిగితే మెత్తదనం తర్వాత సంగతి. సాగిన గుడ్డ మళ్లీ వెనక్కి వస్తుందా లేదా అన్నది ముందు చూడాలి.

పిల్లలు గొంతుక్కూర్చున్నప్పుడు వెనక నడుము నుంచి కాళ్ల సందు దాకా కొలత బాగా పెరుగుతుంది. టీషర్టుది అల్లిక గుడ్డ, ఆ మేరకు సాగుతుంది. చొక్కాది నేత గుడ్డ. నిలువు పోగూ సాగదు, అడ్డ పోగూ సాగదు. దాన్ని ఒంటికి అతుక్కునే కొలతతో కత్తిరిస్తే వెనక నడుము కిందికి జారుతుంది, లేదంటే కుట్టు దగ్గర గుడ్డే పిగిలిపోతుంది.

అలాగని టీషర్టులన్నీ పనికొస్తాయని కాదు. గుడ్డ మీద అడ్డంగా 4 అంగుళాలకు రెండు గుర్తులు పెట్టి, 5½ అంగుళాల దాకా లాగి వదలండి. 4¼ లోపుకు తిరిగొస్తే కుట్టొచ్చు. 4½ దగ్గరే ఆగిపోతే ఆ చెడ్డీ పూట గడవకముందే సంచిలా వేలాడుతుంది. అలాంటి గుడ్డను కాళ్ల మధ్య పట్టీలో లోపలి పొరకు మాత్రమే వాడాలి. మెడ పట్టీ, చంకల భాగం అన్నిటికంటే ముందు చచ్చుబడతాయి కాబట్టి కింది అంచు వైపు నుంచి ముక్కలు తీయండి. రబ్బరు ప్రింటు ఉన్న చోటు వద్దు, అది సాగదు, చెమటా పీల్చదు. ఎక్కువ సాగే వైపు నడుము చుట్టూ రావాలి. పెద్దవాళ్ల టీషర్టు ఒకదాంట్లో నాలుగేళ్ల పిల్లలకు రెండు చెడ్డీలు వస్తాయి.

కుట్టడంలో మాత్రం టీషర్టు కాస్త పేచీ పెడుతుంది. 75/11 సైజు బాల్ పాయింట్ సూది, అంటే మొన గుండ్రంగా ఉండేది కావాలి. మామూలు సూది అల్లికను పొడిచి తెంపుతుంది. మొదట సూదిమొనంత చిల్లి, నాలుగు ఉతుకులయ్యేసరికి నిచ్చెనలా జారిన గీత. అతుకులకు 1 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. పొడవున్న సన్నని జిగ్‌జాగ్ వేయాలి. నేరు కుట్టు వేస్తే గుడ్డ సాగుతుంది, దారం సాగదు, పుటుక్కున తెగుతుంది. గుడ్డను చేత్తో లాగుతూ కుట్టకండి, అంచు అలలు తేలుతుంది.

నడుము 21 అంగుళాలైతే ఎలాస్టిక్ 18½, అతుక్కి ఇంకో అర అంగుళం. దాన్నీ నడుమునీ నాలుగు సమభాగాలు చేసి, గుర్తులు కలిపి పిన్నులు పెట్టి, ఇక్కడ మాత్రం ఎలాస్టిక్‌ను లాగుతూ వెడల్పు జిగ్‌జాగ్ వేయాలి. పాత బట్టల్లోంచి ఊడదీసిన ఎలాస్టిక్ వద్దు, దాని పట్టు ఎప్పుడో పోయి ఉంటుంది. కాళ్ల దగ్గర ఎలాస్టిక్ బదులు టీషర్టు గుడ్డ పట్టీయే మేలు. కాలి అంచు చుట్టుకొలతలో 85 శాతం పొడవు, 1½ అంగుళాల వెడల్పు తీసి, మధ్యకు మడిచి కుట్టండి. తొడ మీద ఎర్ర గీతలు పడవు.

కాళ్ల మధ్య పట్టీ రెండు పొరలుండాలి, లోపలిది నూరు శాతం నూలుదే కావాలి. వెనక ముక్క అంచును రెండు పొరల మధ్య పెట్టి కుట్టండి. తర్వాత ముందు ముక్క అంచును పై పొరకు కలిపి, రెండు ముక్కలనూ చుట్టలా చుట్టి, లోపలి పొరను వాటి మీదుగా తిప్పి తెచ్చి అదే అంచున కుట్టండి. పక్క సందులోంచి చుట్టను బయటికి లాగితే రెండు అతుకులూ పొరల మధ్యే దాగిపోతాయి. గజ్జల్లో ఒరుసుకునేది ఆ అతుకులే, అందుకే ఈ పనిలో బద్ధకించకూడదు.

మీ మిషన్‌కు నేరు కుట్టు తప్ప ఇంకేదీ రాదంటే చొక్కా గుడ్డే తీసుకోండి, టీషర్టుతో కుస్తీ పట్టొద్దు. అప్పుడు కుట్టాల్సింది వదులు డ్రాయరు. పిరుదుల కొలతకు 4 అంగుళాలు కలపాలి, వెనక ఎత్తు ముందుకంటే 1½ అంగుళం ఎక్కువ ఉండాలి, నడుముకు మడత కుట్టి ఎలాస్టిక్ దూర్చాలి, కాళ్లు వదులుగా వదిలేయాలి. నేత గుడ్డ అంచుల్లో పోగులు ఊడతాయి కాబట్టి అంచులు లోపల దాగేలా రెండుసార్లు వేసే ఫ్రెంచ్ కుట్టు తప్పదు. క్రాస్‌గా, అంటే పోగులకు ఏటవాలుగా కత్తిరిస్తే కొంత సాగుతుంది గానీ గుడ్డ బాగా వృథా అవుతుంది.

పాత దుప్పటి కూడా చొక్కా గుడ్డ లాంటిదే, కాస్త దళసరి. లెగ్గింగ్స్‌లో నూలు ఎక్కువుండి సాగుడు మిగిలి ఉంటే సరే, నైలాన్, పాలిస్టర్‌వి వద్దు.

ఏ గుడ్డతో కుట్టినా మొదటి చెడ్డీ వేసి పిల్లల్ని గొంతుక్కూర్చోమనండి. వెనక నడుము వేలెడు కంటే కిందికి దిగితే, రెండోది కత్తిరించేముందు వెనక ముక్క ఎత్తు అర అంగుళం పెంచండి.