లంకమల చిట్టడవిలో మేత ఆపేయాలా, హద్దులు పెట్టి వదలాలా?

కడప జిల్లా లంకమల అడవిలో ఉండే కలివికోడి అనే అరుదైన పిట్ట మాట వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. గొర్రెలు, మేకల్లాంటి జీవాలను అడవిలోకి అసలు రానివ్వకూడదని ఒకరంటారు. తరతరాలుగా మేపుకుంటున్నవాళ్లు ఎక్కడికి పోవాలని ఇంకొకరంటారు. హద్దులు పెట్టి మేపుకోనివ్వడమే మేలని నా అభిప్రాయం. పిట్ట బతకాలన్నా అదే దారి అనుకుంటున్నాను.

1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పిట్ట ఇది. 1986లో రెడ్డిపల్లి దగ్గర ఒక ఊరి మనిషి చేతికి చిక్కింది. రాత్రిపూట నేల మీద తిరుగుతుంది కాబట్టి దానికి ముళ్లపొదలూ కావాలి, వాటి మధ్య ఖాళీ నేలా కావాలి. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపే ఉన్నచోట దీని అడుగుజాడలు ఎక్కువగా దొరికాయి. అంటే అడవి మరీ చిక్కబడినా కష్టమే, మరీ పలచబడినా కష్టమే.

పూర్తి నిషేధం అమలు చేయడం తేలిక. ఎర్రచందనం దొంగల బెడద ఉన్నచోట అటవీశాఖ అటే మొగ్గడం సహజం. కానీ మేసే నోళ్లు లేకపోతే చిన్న పొదలు పెరిగి ఖాళీలు మూసుకుపోతాయి. అలాగని ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే కొమ్మలు నరికి, కట్టెలు కొట్టి పెద్ద పొదలే లేకుండా చేస్తారు.

నిషేధానికి మద్దతుగా కొందరు పగడపు దిబ్బలను చూపిస్తారు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో చేపల వేట పూర్తిగా నిషేధించిన భాగం ఒకప్పుడు 5 శాతం కూడా లేదు. 2004లో దాన్ని సుమారు 33 శాతానికి పెంచారు. మంచి పనే. అయితే అక్కడ నాచును గీకి తినే చిలుక చేపల్లాంటివి ఉంటేనే పగడాలకు చోటు మిగులుతుంది. అక్కడి నిషేధం మేసేవాటిని కాపాడుతుంది, ఇక్కడి నిషేధం మేసేవాటినే బయటికి తోలేస్తుంది. అక్కడినుంచి మనం తీసుకోవాల్సింది ఏ భాగంలో ఏ పని చేయొచ్చో మ్యాపులో గీసి చెప్పే పద్ధతిని.

యంత్రాలతో పొదలు పెకలించి తోటలు వేయడం మాత్రం ఎక్కడా ఒప్పుకోకూడదు. మేత తగ్గిస్తే పొద తిరిగి పెరుగుతుంది, దున్నేసిన చోట పెరగదు. ఈ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు, తోటల విషయంలోనూ అంత పట్టుదల కావాలి.

నేను చెప్పే పద్ధతిలో ఒక చిక్కుంది. లోపలికి వెళ్లినవాళ్లు మేపుతున్నారా, నరుకుతున్నారా అని రోజూ ఎవరు చూస్తారు? ఆ కాపలా పని జీతమిచ్చి కాపరులకే అప్పజెప్పాలి, ఏ గుట్ట పక్కన ఏముందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏటా పొదలు లెక్కపెట్టి, ఖాళీలు మూసుకుపోతున్నచోట జీవాలను తోలుకోనివ్వాలి, పెద్ద పొదలు తగ్గుతున్నచోట ఆ ఏడాదికి ఆపాలి.