డాబా పూత, కింద సీలింగు మరక: ఐదు వానాకాలాల తర్వాత

పాతికేళ్ల స్లాబు. 600 చదరపు అడుగుల డాబా. కింద రెండు గదుల సీలింగు మీద టీ ఒలికినట్టు పసుపు వలయాలు, ఒక మూల పెచ్చులు. దీనికి డాబా మీద వాడింది అక్రిలిక్ రకం ఎలాస్టోమెరిక్ పూత, అంటే ఆరాక రబ్బరులా సాగేది, తెల్లది. సరుకు మంచిదే. నాలుగు వానాకాలాలు చుక్క దిగలేదు. ఐదోసారి రెండు చోట్ల చెమ్మ కనిపించింది. అవి రెండూ పూత పాడై వచ్చినవి కావు, పని చేసిన తీరులో వచ్చినవి. వాటి సంగతి కింద ఉంది.

కొనేముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోండి. మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నడి వేసవిలో కూడా గీత దాటిందంటే అది వాననీళ్లు కాదు, పైన బాత్రూమో ట్యాంకు పైపో కారుతున్నట్టు. డాబా మీదే అనుమానమైతే తూముకు గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తు నీళ్లు 48 గంటలు నిలబెట్టి చూడండి.

కింద సీలింగుకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. నీళ్లు పైనుంచి దిగుతూనే ఉంటే కింద వేసిన పొర బొబ్బలా ఉబ్బుతుంది, ఒకనాడు లప్పంతో సహా మంచం మీద ఊడి పడుతుంది.

పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవాలి. కానీ మిట్టమధ్యాహ్నం వద్దు. కాలుతున్న గచ్చు మీద పూత పైపైన ఆరిపోయి, పట్టు లేకుండా పోతుంది. పొద్దున 10 లోపు, లేదా సాయంత్రం 4 దాటాక వేయాలి. పాచి, పాత సున్నం అంతా వైర్ బ్రష్‌తో గోకి, కడిగి, రెండు రోజులు ఎండనివ్వాలి. లోపల తడి ఉండగా వేస్తే ఆ తడి ఆవిరై పూతను పైకి నెడుతుంది. మొదటి ఏడాదే పొక్కులు వచ్చే డాబాల్లో చాలావాటి జబ్బు ఇదే.

అసలు పని మూలల్లో. పిట్టగోడ, గచ్చు కలిసేచోట సన్నని చీలిక ఉంటుంది. స్లాబు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, గోడ దానితో కదలదు, అందుకే చీలిక అక్కడే పుడుతుంది. దాన్ని చెక్కి, 1:3 మాలుతో (ఒక వంతు సిమెంటు, మూడు వంతుల ఇసుక) రెండంగుళాల గుండ్రటి వంపు కట్టించాలి. మాలులో 50 కిలోల సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం కలపాలి. వారం తడిపి, ఆరాక, పూతను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. గచ్చు మీది పగుళ్లను ఉలితో 5 మిల్లీమీటర్ల వెడల్పు చేసి, దుమ్ము ఊది, క్రాక్ ఫిల్లర్ కూరాలి.

పూత మొదటి కోటు నీళ్లు కలిపి పలచగా, ప్రైమర్ లాగా వేయాలి. మిగతా రెండూ నీళ్లు కలపకుండా, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, మధ్యలో ఆరు గంటలు ఆగి. మూలల్లో, పగుళ్ల మీద పచ్చి పూతలోనే ఫైబర్ మెష్ (సన్నని వల లాంటి గుడ్డ) అద్దాలి. దుకాణంలో లీటరుకు 30 అడుగులని లెక్క చెబుతారు. గరుకు గచ్చు మీద 20కి మించి రాలేదు. అంటే 600 అడుగులకు 30 లీటర్లు. సరుకు చాలకపోతే కూలీలు చివరి కోటులో నీళ్లు పోసి సరిపెడతారు, దగ్గరుండి చూసుకోండి. చిక్కగా వేసిన పూత ఆరాక గోరు నొక్కితే రబ్బరులా లోపలికి పోయి తిరిగి లేస్తుంది. పలచనైతే గోటికి తెల్లపొడి అంటుతుంది.

ఇక ఐదో ఏడు చెమ్మ వచ్చిన రెండు చోట్లు. ఒకటి డిష్ యాంటెన్నా స్టాండు. పూత వేశాక బోల్టులు దిగ్గొట్టారు, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు దిగాయి. స్టాండును సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి ఉంటే సరిపోయేది. రెండోది తూము నోరు. పైపు చుట్టూ మెష్ వేయలేదు, పైగా వాటం చాలక అక్కడ నీళ్లు నిలిచేవి. నీళ్లు నిలిచేచోట ఏ అక్రిలిక్ పూతైనా మెత్తబడి లేస్తుంది. ముందే మాలుతో వాటం సరిచేసుకోవాలి.

వాడకంలో చికాకులూ ఉన్నాయి. తడిస్తే జారుతుంది. మంచం కోళ్లు ఈడిస్తే చిరుగుతుంది. రెండో ఏడుకే తెలుపు మాసిపోతుంది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి ఇబ్బంది లేదు, గుడ్డ పరిచి పోస్తే చాలు.

సీలింగుకు తొందర పడకండి. పైపని అయ్యాక కనీసం నెల ఆరనిచ్చి, మరక దాటి అడుగు దాకా రంగు, లప్పం గోకేయాలి. తట్టితే డొల్ల చప్పుడు వచ్చే ప్లాస్టరింగ్ కొట్టేయాల్సిందే. అందులోంచి తుప్పుపట్టిన ఊచలు బయటపడితే పూత సంగతి పక్కనపెట్టి ఇంజినీరును పిలవండి. బూజుకు ఒక వంతు బ్లీచ్ ద్రవం, మూడు వంతుల నీళ్లు కలిపి రుద్దాలి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దానిలో కలపకండి, విషవాయువు వస్తుంది. నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడరంగు) వేస్తే అందులోని నీటికి పసుపు మరక కరిగి మళ్లీ పైకి తేలుతుంది, మూడు కోట్లు వేసినా అంతే. ముందు ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి, రాత్రంతా ఆరాక, లప్పం, ఆపైన ఎమల్షన్.