స్టాక్‌హోమ్‌లో ఏ పేటలో దిగాలి: తొమ్మిదేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

2015 శరదృతువులో ఉద్యోగరీత్యా హైదరాబాదు నుంచి స్టాక్‌హోమ్‌కు వచ్చాను. స్వీడన్ రాజధానిలో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ కాపురం పెట్టిన వారందరికీ తెలుసు కనుక, తొమ్మిదేళ్లలో నాలుగు పేటలు మారవలసి వచ్చిందంటే వారెవరూ ఆశ్చర్యపోరు. పైగా మాది ఎప్పుడూ ఇద్దరికి సరిపోయే చిన్న ఇల్లే కావడంతో, వచ్చిపోయే బంధుమిత్రులకు హోటళ్లలో గదులు చూసిపెట్టడం, వారిని అక్కడ దింపి రావడం, మర్నాడు వారి ఫిర్యాదులు వినడం కూడా నా వంతే అయింది. ఈ సమీక్షలో సగం నా అనుభవమైతే, సగం ఆ ఫిర్యాదుల సారం.

ఈ నగరం 14 దీవుల మీద పరుచుకుని ఉంది. పటం చూస్తే నీళ్లూ వంతెనలూ కనబడి దూరాలు భయపెడతాయి గానీ, నడిమి పేటల్లో ఒక చోటి నుంచి మరొక చోటికి ప్రయాణం సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల పనే. ఒకసారి కొన్న టికెట్టు 75 నిమిషాలు చెల్లుతుంది, ఆ లోపల మెట్రో, బస్సు, ట్రాము ఎన్ని మారినా వేరే టికెట్టు అక్కరలేదు. అందువల్ల చూడదగిన ప్రదేశాలకు దగ్గరగా దిగాలన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు. స్టేషను గుమ్మం దాటాక గది తలుపు చేరే దాకా ఉండే చివరి మూడు వందల మీటర్లు ఎలాంటివన్నదే నేను చూసే లెక్క. ఊరు రాతిగుట్టల మీద కట్టింది కనుక, పటంలో సమతలంగా కనిపించే వీధి తీరా వెళ్లి చూస్తే ఏటవాలుగా నిలబడి ఉంటుంది. చలికాలంలో జనం జారిపడకుండా కాలిబాటల మీద సన్న కంకర చల్లుతారు. వసంతంలో ఊడ్చే దాకా అది అక్కడే ఉండి పెట్టెల చక్రాలలో ఇరుక్కుంటుంది. పాత భవనాలలో లిఫ్టు ఉంటే అదృష్టం, ఉన్నా అందులో ఒక మనిషి, ఒక పెట్టె పట్టడమే గగనం.

ఈ లెక్క నాకు గామ్లా స్తాన్ నేర్పింది. ఆ పేరుకు పాత ఊరు అని అర్థం; మన పాతబస్తీ అన్నట్టే. రాజప్రాసాదం, నోబెల్ మ్యూజియం ఉన్న స్తూర్‌తోరియెట్ కూడలి, ఆవపిండి రంగు గోడల ఇళ్లు, ఒక చోట 90 సెంటీమీటర్ల వెడల్పుకు కుదించుకుపోయే మోర్టెన్ ట్రోట్సిగ్ సందు, అన్నీ ఆ చిన్న దీవి మీదనే ఉన్నాయి. 2018 వేసవిలో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు, వారికి నగరంలోకెల్లా అందమైన చోట బస ఏర్పాటు చేశానన్న సంబరంతో అక్కడ గది తీసుకున్నాను. టాక్సీ అతను ఆ సందుల్లోకి రాలేనని నీటి ఒడ్డున ఉన్న షెప్స్‌బ్రూన్ రోడ్డు మీదనే దింపేశాడు. అక్కడి నుంచి రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు దారిలో రెండు పెద్ద పెట్టెలు, ఒక ఆవకాయ జాడీ ఉన్న సంచి మోసుకుని వెళ్లేసరికి ఒక పెట్టె చక్రం ఊడిపోయింది. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఆ సంగతి బుకింగ్ పేజీలో అడుగున ఎక్కడో చిన్న అక్షరాలలో ఉందట, నేను చూసుకోలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రెండో అంతస్తు మలుపులో కూర్చుని, "ఇంత దూరం వచ్చింది మెట్లు ఎక్కడానికా నాయనా" అన్నది. నేనేమీ అనలేకపోయాను.

పగలంతా ఆ సందులు పర్యాటకులతో కిక్కిరిసి ఉంటాయి. రాత్రి వారంతా వెళ్లిపోయాక దీపాల వెలుగులో ఆ పేట నిజంగానే మనోహరంగా ఉంటుందని ఒప్పుకోవాలి. చేతి సంచితో వచ్చే యువ దంపతులు ఒకటి రెండు రాత్రులు అక్కడ గడపాలనుకుంటే నేను వద్దనను. కానీ మిగిలిన వారు మరొక చోట దిగి, భోజనాలయ్యాక మెట్రోలో వచ్చి, ఆ రాళ్ల మీద తీరిగ్గా నడిచి వెళ్లడమే మేలు.

సెంట్రల్ స్టేషను ఉన్న నోర్‌మాల్మ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందం గురించి మాట్లాడుకోనక్కరలేదు, ఎక్కువ భాగం ఆఫీసులూ దుకాణాలూనే. అయితే మూడు మెట్రో మార్గాలూ కలిసే ఏకైక స్టేషను, తె-సెంత్రాలెన్, ఇక్కడే ఉంది. విమానాశ్రయం నుంచి వేగంగా వచ్చే అర్లాండా ఎక్స్‌ప్రెస్ రైలు ఇరవై నిమిషాల లోపే ఇక్కడ దింపుతుంది. వీధులు చాలా వరకు చదునుగా ఉంటాయి. మా బావగారు ఒక జూన్‌లో ఇక్కడ చవకగా దొరికిందని ఒక గది తీసుకున్నారు. వెళ్లి చూస్తే దానికి కిటికీ లేదు. ఈ నగరంలో కిటికీ లేని గదులు అమ్మడం మామూలే, ఆ మాట గది వివరాలలో రాసే ఉంటుంది. జూన్‌లో రాత్రి పదింటికి పొద్దుగూకి తెల్లవారుజామున మూడున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు కనుక, ఆ చీకటి గదిలో ఆయన మా అందరికంటే హాయిగా నిద్రపోయారు. మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడే డిసెంబరులో మాత్రం అలాంటి గది తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. మిడ్‌సమ్మర్ పండుగ వారాంతంలో, అంటే జూన్ 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారం మొదలుకొని, నివాస పేటల్లో చాలా దుకాణాలు, రెస్టారెంట్లు మూసేసి జనం పల్లెలకు పోతారు. అప్పుడు వచ్చేవారికి మాత్రం నోర్‌మాల్మే సరైన చోటు.

సోదర్‌మాల్మ్‌లో నేను రెండేళ్లు ఉన్నాను కనుక పక్షపాతం కొంత తప్పదు. కాఫీ దుకాణాలు, పాత బట్టల అంగళ్లు, సాయంత్రం వేళ జనసంచారం, వంటకు కావలసిన సరుకులు దొరికే సూపర్‌మార్కెట్లు, అన్నీ నడక దూరంలో ఉంటాయి. మేలారెన్ సరస్సును, అవతలి ఒడ్డున నగర సభాభవనాన్ని కళ్లారా చూడగలిగే మోంతేలియుస్ బాట మా ఇంటికి పది నిమిషాలు. ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు వస్తున్నాడంటే మరో ఆలోచన లేకుండా ఇక్కడే దిగమంటాను. కానీ ఇది నగరంలోకెల్లా ఎత్తుపల్లాలున్న పేట; ఆ మోంతేలియుస్ బాట దగ్గరే ఉన్న షినార్‌విక్స్ గుట్ట 53 మీటర్ల ఎత్తు, నడిమి నగరంలో సహజంగా అంతకు మించిన ఎత్తు మరొకటి లేదు. హూర్న్స్ వీధికి ఉత్తరంగా ఉన్న గది అంటే రోజూ ఎక్కి దిగడమేనని అర్థం చేసుకోవాలి. దానికి దక్షిణంగా మరియాతోరియెట్ చుట్టుపక్కల నేల చదునుగా ఉంటుంది. అక్కడికి దగ్గరలోనే స్టాక్‌హోమ్స్ సోద్రా అనే లోకల్ రైలు స్టేషను ఉంది. అర్లాండా విమానాశ్రయం నుంచి వచ్చే లోకల్ రైలు అక్కడ ఆగుతుంది కనుక మధ్యలో రైలు మారవలసిన పని లేదు. సోదర్‌మాల్మ్ అంటే చాలామంది స్లుసెన్ దగ్గరే గదులు వెతుకుతారు. కానీ నేను ఇక్కడ ఉన్న కాలంలో ఎక్కువ భాగం ఆ కూడలి కంచెలు, క్రేన్లు, మళ్లింపు దారులతోనే ఉంది. మేద్‌బోర్యార్‌ప్లాత్సెన్ పరిసరాలలో శుక్ర, శనివారాల రాత్రులు గోల ఎక్కువ. ఒడ్డున కట్టేసిన పడవలలో కూడా గదులిస్తారు, పిల్లలు సరదా పడతారు గానీ మన పెద్ద పెట్టెలకు ఆ గదులు చాలవు.

ఓస్టర్‌మాల్మ్ గురించి ఎక్కువ చెప్పలేను. ధనికుల పేట, వీధులు విశాలం, 1888 నాటి ఎర్ర ఇటుకల ఆహార విపణి చూడదగినది, వాసా నౌక ఉన్న దీవికి దగ్గర. కానీ అక్కడ గదికి పెట్టే అదనపు ఖర్చుకు తగిన ప్రయోజనం నాకు కనబడలేదు. 1628లో మునిగి 1961లో పైకి తీసిన ఆ యుద్ధనౌకను చూడటానికి ఏ పేట నుంచి వెళ్లినా అరగంట చాలు.

తెలుగువారిలో చాలామంది అడిగేది శీస్తా గురించి. ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం, ఇతర ఐటీ సంస్థలు ఉన్న ఆ శివారు పేట పేరును కొత్తగా వచ్చిన మనవాళ్లందరూ కిస్తా అనే అంటారు, నేనూ ఆరు నెలలు అలాగే అన్నాను. తీరా చూస్తే స్వీడిష్‌వారు పలికేది సరిగ్గా మన తాలవ్య శకారమే. వారాంతాల్లో, జూలై సెలవుల్లో ఆఫీసు ప్రయాణికులు రాక అక్కడి హోటళ్ల ధరలు దిగుతాయన్నది నేను గమనించిన సంగతి. ఆ ధర చూసి ఆశపడి గది తీసుకున్న మిత్రులు ఇద్దరున్నారు. మెట్రో నీలి మార్గంలో నడిబొడ్డుకు ఇరవై నిమిషాలే అయినా, నగరంలో రోజంతా తిరిగి అలిసిపోయాక మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చడానికి గదికి పోలేకపోవడం, సాయంత్రమయ్యాక షాపింగ్ మాల్ తప్ప మరో కాలక్షేపం లేకపోవడం వారిని విసిగించాయి. దగ్గరి బంధువులు అక్కడే ఉంటే సంగతి వేరు. అప్పుడు కూడా నేను చెప్పేది కుంగ్స్‌హోల్మెన్ దీవి మీది ఫ్రీద్‌హెమ్స్‌ప్లాన్ గురించి: నీలి, ఆకుపచ్చ మార్గాలు రెండూ ఆ స్టేషనులో కలుస్తాయి, శీస్తాకూ, సుంద్‌బీబెర్గ్ అనే మరో శివారుకూ రైలు మారకుండా వెళ్లవచ్చు. నోబెల్ విందు జరిగే సభాభవనం నుంచి సరస్సు ఒడ్డు వెంబడి సాగే చదునైన నడకదారి ఆ దీవిలోనే ఉంది. గామ్లా స్తాన్ అనుభవం తరువాత మా అమ్మానాన్నలను మిగిలిన వారం రోజులకు అక్కడికే మార్చాను. రోజూ ఉదయం వారు ఆ దారిలో నడిచేవారు. మెట్ల ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఎవరైనా ముందూ వెనుకా చెప్పకుండా ఒక్క పేరే చెప్పమంటే వాసాస్తాన్ అంటాను, అందులోనూ ఊదెన్‌ప్లాన్ చుట్టుపక్కల. నేను వచ్చిన కొత్తలో ఈ మాట అనేవాడిని కాదు. 2017 జూలైలో నగరం అడుగున కొత్త రైలు సొరంగం తెరిచి, ఊదెన్‌ప్లాన్‌లో లోకల్ రైలు స్టేషను పెట్టిన తరువాత ఈ పేట స్థితి మారిపోయింది. అర్లాండాలో ఎక్కిన లోకల్ రైలు సుమారు నలభై నిమిషాలలో ఇక్కడ దింపుతుంది; పట్టాలు చాలా లోతున ఉన్నాయి గానీ లిఫ్టులో పైకి వచ్చేస్తే కూడలి చదునుగానే ఉంటుంది. విమానాశ్రయ స్టేషనులో మామూలు టికెట్టుకు తోడు ప్రవేశ రుసుము విడిగా కట్టాలి. అది దండగ అనుకునేవారు 583 నంబరు బస్సులో మేర్‌స్తా దాకా వెళ్లి అక్కడ రైలెక్కవచ్చు, అరగంట అదనంగా పడుతుందనుకోవాలి. ఆకుపచ్చ మెట్రో కూడా ఊదెన్‌ప్లాన్‌లోనే ఎక్కవచ్చు. 4వ నంబరు బస్సు ఇక్కడి నుంచి వెస్తర్‌బ్రూన్ వంతెన మీదుగా సోదర్‌మాల్మ్ చేరుతుంది. టికెట్టు పెట్టి తిప్పే పర్యాటక బస్సులలో కనబడే దృశ్యాలు చాలావరకు ఆ బస్సు కిటికీలోంచే చూపించి అతిథులను తృప్తిపరిచిన రోజులున్నాయి. పేట నిండా ఇళ్లే కావడంతో సూపర్‌మార్కెట్లు రాత్రి పొద్దుపోయే దాకా తెరిచి ఉంటాయి. పది శాతం కొవ్వున్న టర్కిష్ యోగర్ట్ ఒక డబ్బా తెచ్చుకుంటే పెరుగన్నానికి లోటు ఉండదు. హోటల్ గది బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

లోపాలు లేవని అనను. ఊదెన్ వీధి మీదికి తెరుచుకునే గదులలో బస్సుల శబ్దం తెల్లవార్లూ వినబడుతుంది, వేసవిలో కిటికీ మూసుకుందామంటే పాత భవనాలలో ఏసీ ఉండదు. ఇక్కడి భవనాలకు మధ్యలో పెరడు ఉంటుంది కనుక, పెరటి వైపు గది కావాలని ముందే రాసి అడగాలి. వచ్చే జూన్‌లో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. వారి కోసం ఊదెన్‌ప్లాన్‌కు రెండు వీధుల అవతల గది తీసుకున్నాను, పెరటి వైపే ఇస్తామన్నారు. లిఫ్టు కొలతలు కూడా అడిగితే కాస్త వింతగా చూసినట్టే జవాబు వచ్చింది గానీ, కొలిచి పంపారు: ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు పడతాయి.